తరగతి గది బయట కంప్యూటర్ సైన్స్ నేర్చుకోవడం: వరంగల్ విద్యార్థులు దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న (బీటెక్ సీఎస్ఈ రెండవ సంవత్సరం, హనుమకొండ)

అన్నలకు, అక్కలకు నమస్కారం. డేటా స్ట్రక్చర్స్ పాఠాలు పూర్తయ్యాయి గానీ, ల్యాబ్ రికార్డులు రాయడమే తప్ప సొంతంగా ఒక ప్రోగ్రామ్‌ను నిర్మించే అవకాశం ఇప్పటివరకు రాలేదు. డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలు వాట్సాప్‌లో తరచూ వస్తున్నాయి. హైదరాబాద్‌లో ఉండి నేర్చుకునే స్తోమత మా ఇంట్లో లేదు. నేను దేనితో మొదలుపెట్టాలి?

జవాబు 1 (సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, సొంత ఊరు కాజీపేట)

చెల్లీ, ఆ సర్టిఫికెట్లకు డబ్బు కట్టవద్దు. మనం రాసిన కోడ్‌ను అనుభవం ఉన్నవారు చదివి, అది ఎందుకు సరిపోదో చెప్పడం తరగతిలో అరుదు. కోడ్‌ను ఎవరైనా చదివి మార్పులు సూచించేలా బహిరంగంగా ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో అది ఉచితంగా దొరుకుతుంది. 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమంలో 18 ఏళ్లు నిండినవారు అటువంటి ఒక ప్రాజెక్టులో మెంటార్ (మార్గదర్శి) పర్యవేక్షణలో పనిచేసి స్టైపెండ్ కూడా పొందవచ్చు. అయితే దరఖాస్తు సమయానికే ఆ ప్రాజెక్టులో కొన్ని చిన్న మార్పులు చేసి ఉన్నవారికి ఎంపికలో మొగ్గు ఉంటుంది కనుక, నెలల ముందే అడుగు పెట్టడం మంచిది.

తెలుగు చదవగలగడం ఇక్కడ మీకు నిజమైన బలం. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒక్క అక్షరమే అయినా కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే యూనికోడ్‌లో ఆరు కోడ్‌పాయింట్లు (ఒక్కో గుర్తుకు కేటాయించిన సంఖ్యలు), అందుకే పైథాన్‌లో దాని పొడవు అడిగితే 6 అని వస్తుంది. ఆంగ్లాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకుని రాసిన ప్రోగ్రామ్ తెలుగు పదాన్ని మధ్యలో తెంచినా, తిరగేసినా గుణింతాలు చెదిరిపోతాయి. ఇటువంటి బగ్ కనబడితే దాన్ని మళ్లీ పుట్టించే చిన్న ఉదాహరణతో నివేదించండి, తరువాత సరిచేయడానికి ప్రయత్నించండి. మొదటి పుల్ రిక్వెస్ట్‌కు (మన మార్పును ప్రాజెక్టులో కలపమని పంపే అభ్యర్థనకు) ఇంతకన్నా మంచి విషయం నాకు తోచడం లేదు.

జవాబు 2 (అధ్యాపకురాలు, వరంగల్)

పై మాటతో ఏకీభవిస్తున్నాను. దానితోపాటు మీ కాలేజీలో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ (కేంద్ర ప్రభుత్వం విద్యార్థులకు జరిపే పోటీ) అంతర్గత ఎంపిక ఎప్పుడో కనుక్కోండి. జట్టుకు ఆరుగురు ఉండాలి, వారిలో కనీసం ఒక విద్యార్థిని తప్పనిసరి. సమస్యలను మంత్రిత్వ శాఖలు, ఇతర సంస్థలు ఇస్తాయి కాబట్టి, ఎంపిక కాకపోయినా నిజమైన అవసరాన్ని చదివి పరిష్కారం ఊహించే అలవాటు అబ్బుతుంది. ఆల్గోరిథమ్స్ ఇష్టమైతే కళాశాల విద్యార్థులకు ముగ్గురు సభ్యుల జట్లతో జరిగే అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీ ఉంది. పరిశోధన వైపు మనసుంటే భారతీయ విజ్ఞాన అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. ఎంపికైనవారు రెండు నెలలు ఒక శాస్త్రవేత్త వద్ద పనిచేస్తారు. ఐఐటీల వంటి సంస్థలు ఆన్‌లైన్‌లో అందించే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, పరీక్షకే రుసుము.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. తెలుగు బగ్‌తోనే మొదలుపెడతాను. నాకు సొంత ల్యాప్‌టాప్ లేదు; ల్యాబ్ కంప్యూటర్లలో కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయనివ్వరు.

జవాబు 1

కోడ్‌ను దాచి పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ ఇచ్చే కోడ్‌స్పేసెస్ అనే ఆన్‌లైన్ కంప్యూటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. వ్యక్తిగత ఖాతాకు రెండు కోర్ల యంత్రం మీద నెలకు 60 గంటలు ఉచితం. పని ముగించేటప్పుడు కమిట్ చేసి (మార్పులను నమోదు చేసి) పుష్ చేయండి (గిట్‌హబ్‌కు పంపండి), ఆ ఆన్‌లైన్ యంత్రాన్ని ఆపివేయండి. లేకపోతే కాసేపు ఖాళీగా నడిచిన సమయం కూడా ఆ గంటల్లోనే తరిగిపోతుంది.