నల్గొండల రీఫర్బిష్డ్ ట్యాబ్ 5,500కు ఇస్తుండు, తీస్కోవచ్చా?

హాలియా తమ్ముడు:
పొద్దటి సంది గిదే పని మీద ఉన్న, తల పగిలిపోతుంది. వీడియోలు చూస్తే ఒకాయన కొనుమంటడు, ఇంకొకాయన వద్దంటడు. నల్గొండల గడియారం కాడ ఒక షాపుల రీఫర్బిష్డ్ ట్యాబ్ చూసిన. శాంసంగ్‌ది. 5,500 చెప్పిండు, తగ్గనంటుండు. కొత్తదాని లెక్కనే ఉంది, గీత గూడ లేదు. మెమరీ 32. బాక్సు, చార్జరు ఇస్తడంట. సాయంత్రం దాక ఆగుత, తర్వాత వేరేటోళ్లకు ఇచ్చేస్త అన్నడు. తీస్కోవాల్నా, ఇడిసిపెట్టాల్నా? తెలిసినోళ్లు సూటిగ చెప్పుండ్రి.

పాలమూరు టెక్:
మోడల్ నంబర్?

హాలియా తమ్ముడు:
చెప్పిన గదన్నా, శాంసంగ్ ట్యాబ్, 8 ఇంచులది.

పాలమూరు టెక్:
అది మోడల్ కాదు. సెట్టింగ్స్‌ల అబౌట్ ట్యాబ్లెట్ తెరువు. ఎస్ఎం అని మొదలైతది. ర్యామ్ ఎంత, ఆండ్రాయిడ్ ఎంత, అవి గూడ రాయి. 32 అనేది స్టోరేజ్, ర్యామ్ కాదు.

దేవరకొండ టీచర్:
తమ్ముడూ, ట్యాబ్ ఎవరికోసమో మీరు చెప్పలేదు. బడి పిల్లలకైతే మాత్రం నా మాట కాస్త వినండి. టీ-శాట్ విద్య, టీ-శాట్ నిపుణ అని మన రాష్ట్ర ప్రభుత్వం నడిపే రెండు ఛానళ్లున్నాయి. ఒకప్పుడు మన టీవీ అనేవాళ్లం. బడి పాఠాలు విద్యలో, పోటీ పరీక్షల పాఠాలు నిపుణలో వస్తాయి. యూట్యూబ్‌లోనూ ఉంటాయి, యాప్ కూడా ఉంది. రూపాయి ఫీజు లేదు. మా ఊళ్లో తల్లిదండ్రులు అప్పు చేసి మరీ ట్యాబులు కొనిస్తున్నారు, నెల తిరక్కముందే పిల్లలు అందులో ఆటలు ఆడుతున్నారు. చిన్న తెర మీద మెడ వంచి గంటలు గంటలు కూర్చోబెట్టే బదులు, టీవీ ముందు నోటుబుక్కు ఇచ్చి కూర్చోబెట్టండి. పేరెంట్స్ మీటింగుల్లో ఇదే చెబుతున్నాను, ఇక్కడా అదే చెబుతున్నాను.

పాలమూరు టెక్:
సార్, ఆయన అడిగింది అది కాదు.

మిర్యాలగూడ రిపేర్ షాప్:
మోడల్ ఏదైనా కానీ తమ్మీ, బ్యాటరీ చూడకుండ పైసలియ్యకు. గీత లేదంటే గ్లాసు కొత్తది ఏసి ఉంటరు. లోపల బ్యాటరీ ఎప్పటిదో అదే ఉంటది. లిథియం బ్యాటరీ వాడినా, వాడక మూలకు పెట్టినా, ఏండ్లు గడిస్తే బలం తగ్గుతది.

షాపులనే కూసోని చెయ్యి. సమంగున్న గాజు టేబుల్ మీద ట్యాబ్ వెల్లకిల పెట్టి మూల నొక్కు. ఊగినా, గిర్రున తిరిగినా వెనక ఉబ్బినట్టే. స్క్రీన్ అంచుకు గోరు దూరే సందుంటే గూడ అంతే. ఉబ్బింది పుణ్యానికి ఇచ్చినా ఇంటికి తేవద్దు, అది అంటుకునే వస్తువు. ఆ తర్వాత వెలుగు ఫుల్ పెట్టి వీడియో నడిపియ్యి, చాయ్ తాగి రా. పర్సెంటేజీ ఒక్కొక్కటే దిగుతే మంచిది. 60 నుంచి ఒక్కసారే 48కి దుంకితే దానిల పస లేదు. ఛార్జింగ్ పిన్ పెట్టి జర అటిటు కదిలించు, కట్ అయితే జాక్ లూజు. ఒక ఐకాన్ వేలితో పట్టి స్క్రీన్ నిండ తిప్పు, యాడ జారిపోతదో ఆడ టచ్ లేదు.

నారాయణపేట:
అన్నా, మీరు చెప్పేది సెకండ్ హ్యాండ్ సంగతి. రీఫర్బిష్డ్ అంటే విప్పి, చెడినవి మార్చి, పరీక్ష చేసి, వారంటీతో అమ్మేది. రెండూ ఒకటి కాదు.

మిర్యాలగూడ రిపేర్ షాప్:
పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. నా కౌంటర్ మీదికి వచ్చే రీఫర్బిష్డ్ ట్యాబులల్ల బ్యాటరీ మార్చినవి తక్కువ. ఏం మార్చిండ్రో కాగితం మీద రాసిస్తరా? అడుగుమను.

నారాయణపేట:
రాసియ్యకపోతే అది రీఫర్బిష్డ్ కానట్టే, నేను అనేది గూడ అదే. అందుకే బిల్లు తీస్కోవాలె. వారంటీ ఎన్ని నెలలు, బ్యాటరీకి ఉందా లేదా బిల్లు మీదనే రాయించుకోవాలె. "టెస్టింగ్ వారంటీ" అని నోటితోని చెప్తరు, అది రెండు మూడు రోజుల ముచ్చట. బిల్లుంటేనే రేపు ఏమన్నా అయితే 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌ల ఫిర్యాదు పెట్టొచ్చు.

హాలియా తమ్ముడు:
అన్నలారా, షాపుకు ఫోన్ చేసి అడిగిన. ఎస్ఎం-టి295. ర్యామ్ 2. సిమ్ పడుతది. ఆండ్రాయిడ్ 13 ఉందంట, "లేటెస్ట్ ఏసినం" అన్నడు. టీచర్ సార్, ట్యాబ్ పిల్లలకు కాదు, మా చెల్లెకు. డీఎస్సీకి చదువుతుంది. పీడీఎఫ్‌లు చదువుకునేటందుకు, వీడియో క్లాసులు చూసుకునేటందుకు. ఫోన్‌ల చూసి చూసి కండ్లు మండుతున్నయంటది.

పాలమూరు టెక్:
టి295 అంటే గెలాక్సీ ట్యాబ్ ఎ 8.0, 2019ది. ఆండ్రాయిడ్ 9తో వచ్చింది. శాంసంగ్ దానికి 11 వరకే ఇచ్చింది, ఆడికే ఆపింది. మరి 13 యాడికెల్లి వచ్చింది? ఎవరో బూట్‌లోడర్, అంటే కంపెనీ ఏసిన తాళం, తెరిచి బయటి సాఫ్ట్‌వేర్ (కస్టమ్ రోమ్) ఎక్కించి ఉండాలె. ప్లే స్టోర్ తెరిచి ప్రొఫైల్ బొమ్మ నొక్కు, సెట్టింగ్స్‌ల అబౌట్‌కు పో. ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ కాడ సర్టిఫైడ్ అని ఉందా చూడు. లేకుంటే బ్యాంకు యాప్‌లు, యూపీఐ మొండికేస్తయి. వీడియో రక్షణ పై మెట్టు ఎల్1 నుంచి కింది మెట్టు ఎల్3కి పడిపోతే కొన్ని యాప్‌లల్ల వీడియో మసక మసకగనే వస్తది. చెల్లె పైసలు కట్టిన కోచింగ్ యాప్ దాంట్ల నడుస్తదా లేదా, కొనకముందే ఎక్కించి చూడాలె.

వనపర్తి ఓపెన్ సోర్స్:
కస్టమ్ రోమ్ అనంగానే దొంగ మాల్ లెక్క మాట్లాడకండి. కంపెనీ వదిలేసిన పరికరాన్ని నడిపించేది అవే. నా పాత ఫోన్ లినియేజ్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ మీద ఇప్పటికీ చక్కగా నడుస్తుంది. బడ్జెట్ ట్యాబులకు రెండు అప్‌డేట్లిచ్చి చేతులు దులుపుకునే కంపెనీలను ఎవరూ అడగరు. మంచిగున్న హార్డ్‌వేర్ చెత్తకుప్పల పడుతుంది. ఆ కోపం ముందు కంపెనీల మీద రావాలె.

పాలమూరు టెక్:
నీది నువ్వు ఎక్కించుకున్నవు, ఏం ఎక్కించినవో నీకు తెలుసు. ఇక్కడ ఎవరు ఎక్కించిండ్రో, దాంట్ల ఏం కలిపిండ్రో తెల్వదు. దాంట్ల ఆడపిల్ల గూగుల్ ఖాతా, ఫొటోలు, ఓటీపీలు పెట్టుమంటవా?

వనపర్తి ఓపెన్ సోర్స్:
అది ఒప్పుకుంట. షాపోళ్లు ఎక్కించింది నమ్మొద్దు. కానీ 11 మళ్లీ వేసుకోవచ్చు కదా, శాంసంగ్ అసలు సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) దొరుకుతది.

పాలమూరు టెక్:
వేసుకోవచ్చు. నాక్స్ ఫ్యూజ్, అంటే శాంసంగ్ లోపల పెట్టిన భద్రత గుర్తు, పోతే మాత్రం తిరిగి రాదు, ఫైళ్లు దాచుకునే సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచెయ్యదు.

హాలియా తమ్ముడు:
అన్నా, మీరిద్దరు మాట్లాడేది నాకు సగం అర్థం కాలె. 11 ఏపిస్తే తీస్కోవచ్చా? ఒక్క మాటల చెప్పుండ్రి.

సూర్యాపేట డీఎస్సీ:
నేను గూడ అదే పరీక్షకు చదువుతున్న, అందుకే చెప్తున్న. 11 ఏపించినా చెల్లెకు అది పనికిరాదు. మన మెటీరియల్ అంతా ఏ4 పేజీలు స్కాన్ చేసినవే. 8 ఇంచులల్ల పేజీ నిలువుగ పెడితే అక్షరం చీమంత కనపడతది. అడ్డం తిప్పితే సగం పేజీయే వస్తది, పైకి కిందికి జరుపుకుంట పోవాలె. ఫోన్‌ల మండే కండ్లు దాంట్ల గూడ మండుతయి. 2 జీబీ ర్యామ్‌తోని వీడియో ఆపి పెద్ద పీడీఎఫ్ తెరిస్తే, మళ్లీ పోయేసరికి వీడియో మొదటి నుంచి లోడ్ అయితది. క్లాస్ వినుకుంట నోట్స్ చూసుకునేటోళ్లకు అది నరకం. 32ల సిస్టమే చాన తింటది. మెమరీ కార్డు పడుతది గానీ డౌన్‌లోడ్ చేసిన క్లాసులు కార్డులకు పోనియ్యని యాప్‌లున్నయి.

ఆ పైసలకు ఇంకొంచెం కలిపి 10 ఇంచుల పాతది చూడుండ్రి. 2020ల వచ్చిన ట్యాబ్ ఎ7, 10.4 ఇంచులది, స్క్రీన్ 2000 బై 1200, పేజీ నిండుగ కనపడతది. ర్యామ్ 3 జీబీ, బ్యాటరీ 7,040 ఎంఏహెచ్, టైప్-సి ఛార్జింగ్. అది గూడ ఆండ్రాయిడ్ 12 కాడనే ఆగింది, గది తెలిసే తీస్కోవాలె.

పాలమూరు టెక్:
ఈయన చెప్పింది సరైనది. ఇంకొకటి. క్రోమ్ 2025 ఆగస్టు నుంచి ఆండ్రాయిడ్ 9కి కొత్త వెర్షన్ ఇస్తలేదు, 10 ఉండాలె. 11కు ఇప్పుడు నడుస్తది, ముందుముందు దాని వంతు గూడ వస్తది. టి295 నేనైతే మూడు వేలకు మించి పెట్టను, అది గూడ టీ-శాట్ చూసేటందుకు, పేపర్ చదివేటందుకే.

నకిరేకల్ సెల్ పాయింట్:
ఎవరూ చెప్పలే గనుక చెప్తున్న. సిమ్ పడేది అంటే ఐఎంఈఐ, అంటే పరికరం గుర్తింపు నంబర్, ఉంటది. సెట్టింగ్స్‌ల ఉన్నదీ, బాక్సు మీద ఉన్నదీ కలవాలె. ఇంగ్లిష్‌ల కేవైఎం అని కొట్టి, జాగ ఇడిసి, 15 అంకెల ఐఎంఈఐ వేసి 14422కు మెసేజ్ పెట్టు. బ్లాక్ లిస్టు అనో డూప్లికేట్ అనో వస్తే ఆడనే ఇడిసిపెట్టు, పోయిన సెల్లులు పోలీసోళ్లు సీఈఐఆర్ అనే సర్కారు పోర్టల్‌ల పెట్టి పడుతుండ్రు. ఇంకా నీ ముందటనే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టియ్యి. మళ్లీ లేసినంక పాత గూగుల్ ఖాతా అడిగితే పైసలు జేబులనే పెట్టుకో. "ఈ పరికరం మీ సంస్థ అధీనంలో ఉంది" అని వస్తే గూడ వద్దు, ఏదో కోచింగ్ కంపెనీ తాళమేసిన ట్యాబ్ అయ్యుంటది.

దేవరకొండ టీచర్:
డీఎస్సీకి టీ-శాట్ నిపుణలో పాఠాలు వస్తాయి తమ్ముడూ, మీ చెల్లెలికి తప్పకుండా చెప్పండి. పీడీఎఫ్‌లు స్పైరల్ బైండింగ్ చేయిస్తే కళ్లకు ఇంకా సుఖం.

సూర్యాపేట డీఎస్సీ:
సార్, అన్ని సబ్జెక్టులు జిరాక్స్ తీస్తే ట్యాబ్ పైసలు ఆడనే అయితయి.

హాలియా తమ్ముడు:
షాపాయనకు ఫోన్ చేసి 13 ఎట్లొచ్చిందని అడిగిన. "తెల్వదు, హైదరాబాద్ నుంచే అట్ల వచ్చింది" అన్నడు. 4,500కు దిగిండు. 10 ఇంచులది గూడ ఒకటి ఉన్నదంట, ఎ7నో కాదో చెప్తలేడు. రేపు చెల్లెను తోల్కపోయి ఆమె పీడీఎఫ్‌లు ఏసి చూపిస్త. థాంక్స్ అన్నా అందరికి.

పాలమూరు టెక్:
మోడల్ నంబర్ చూసి ఇక్కడ రాయి, తర్వాతనే పైసలియ్యి.

అచ్చంపేట:
నాకు గూడ గిట్లనే ఒక లెనోవో ట్యాబ్ 4,000కు ఇస్తుండ్రు, మంచిగనే ఉంది. తీస్కోవచ్చా అన్నా?