అప్‌డేట్: జనరల్స్ డాట్ ఐఓ ఆడి చూశాను

గళ్లు, అంకెలు తప్ప బొమ్మలే లేని ఈ ఆన్‌లైన్ యుద్ధం ఆటలో మజా ఏముంటుందని పోయిన వారం అడిగాను గదా, ఆడాను. 25 టర్నుల లెక్క చెప్పినవాళ్లకు థ్యాంక్స్. కిరీటం ఉన్న గడిలో (అదే మన జనరల్, అది పోతే ఆట పోయినట్టే) టర్నుకొక సైనికుడు పెరుగుతాడు, మామూలు గళ్లలో మాత్రం 25 టర్నులకొకసారి ఒక్కొక్కడే, అంటే ఆ లోపే వీలైనన్ని గళ్లు పట్టేయాలి, నేనేమో అంతా ఒక్కచోటే కూడబెట్టుకుని కూర్చునేవాణ్ణి.

నిన్న రాత్రి కావలిలో మేడ మీద మా బావమరిదితో ఆడాను. ఒక సిటీ (పట్టుకుంటే అదీ టర్నుకొక సైనికుణ్ణి ఇచ్చే గడి) కోసం 45 మందిని అప్పుడే ఖర్చుపెట్టానా, ఏమీ కనపడని చీకటి గళ్లలోంచి వాడి 60 మంది వచ్చి నా కిరీటం మీద పడ్డారు. అంతే, నా గళ్లన్నీ వాడి రంగులోకి మారిపోయాయి. బొమ్మల్లేకపోతేనేం, చేతులు వణికాయి సామీ! ఫోన్‌లో మాత్రం నా లావు వేళ్లతో కుదరలేదు, కీబోర్డే మేలు.