నొసటి రేకు మీద ‘కు’ ఏమైంది?

నా సందేహం ఒక్క అక్షరం గురించి. చిన్నప్పుడు వీబీఎస్ (సెలవుల్లో చర్చివాళ్లు నడిపే బైబిలు బడి) నాటికలో నన్ను అహరోనును, అంటే బైబిల్లోని మొదటి ప్రధాన యాజకుణ్ణి చేశారు. అమ్మ నైటీ నిలువుటంగీ, నాన్న తువ్వాలు పాగా, అత్తయ్య చున్నీ దట్టీ. అట్టముక్కకి బంగారురంగు కాగితం అతికించి, స్కెచ్ పెన్నుతో ‘యెహోవా పరిశుద్ధుడు’ అని రాసి నుదుటికి కట్టారు. నా డైలాగు వచ్చేసరికి చెమటకి కాగితం సగం లేచిపోయి ‘శుద్ధుడు’ ఒక్కటే మిగిలింది.

ఆ మాట మన పాత తెలుగు బైబిల్లో నిర్గమకాండం 28:36లోది. ప్రధాన యాజకుడి పాగా ముందువైపు నీలిసూత్రంతో కట్టే మేలిమి బంగారు రేకు మీద చెక్కమన్న మాట. మొన్న జెకర్యా 14:20 చదువుతుంటే గుర్రాల కళ్లేల మీద ‘యెహోవాకు ప్రతిష్టితము’ అని కనబడింది. హీబ్రూలో రెండుచోట్లా ఉన్నది ఒకటే: ‘కోదెష్ ల-యెహోవా’. ‘కాదోష్’ అయితే పరిశుద్ధుడు. ఇక్కడున్నది ‘కోదెష్’, అంటే పరిశుద్ధమైనది, విడిగా తీసిపెట్టినది. ఆ ‘ల’ మన చతుర్థీ విభక్తి ‘కు’. గుర్రానికి దక్కిన ‘కు’ యాజకుడికి ఎందుకు దక్కలేదు?

జవాబు: దేవుడు పరిశుద్ధుడు అనడంలో తప్పేముందండీ? యాజకుణ్ణి చూసినవాడికి దేవుడి పరిశుద్ధత గుర్తుకు రావాలి, అంతేగా.

నేను: తప్పని కాదండీ, ఆ మాట ఎవరి గురించన్నదే నా గొడవ. స్టీలు గిన్నె మీద పేరు కొట్టిస్తాం కదా. అది ఆ మనిషి ఎలాంటివాడో చెప్పదు, గిన్నె ఎవరిదో చెబుతుంది. మిగతా బట్టలు కూడా చూడండి. భుజాల మీద రెండు రాళ్లు, ఒక్కోదాని మీద ఆరేసి ఇశ్రాయేలు గోత్రాల పేర్లు. రొమ్మున పతకం. పతకమంటే మెడల్ అనుకునేరు, జానెడు పొడవు, జానెడు వెడల్పు ఉండే మడత గుడ్డ అది. దానికి నాలుగు వరసల్లో పన్నెండు రాళ్లు, మళ్లీ అవే పేర్లు, ఈసారి రాయికొకటి. ఇంతమంది పేర్లు భుజాన, గుండెమీద మోసేవాడు తాను ఎవరివాడో నుదుట రాసుకున్నాడు. ప్రజల అర్పణలకు తగిలే దోషాన్ని అహరోను భరించాలి, అందుకే ఆ రేకు ఎప్పుడూ నుదుట ఉండాలి అని 28:38 అంటుంది. ‘పరిశుద్ధుడు’ అని చదివితే ఈ వరసంతా తెగిపోతోంది.

జవాబు: ‘కు’ చతుర్థి కాదు మాస్టారూ! కొఱకు, కై చతుర్థి. కి, కు, యొక్క, లో, లోపల షష్ఠి. బళ్లో దెబ్బలు తిని నేర్చుకున్నాం.

నేను: ఒప్పుకున్నా. అయినా మీ దిద్దుబాటు నాకే కలిసొచ్చింది! ‘యొక్క’ ఉన్న గూట్లోనే ‘కు’ కూడా ఉందన్నమాట. హీబ్రూ ‘ల’ తీరూ అంతే. ‘నాకు ఉంది’ అనాలంటే వాళ్లు ‘యేష్ లీ’ అంటారు, అచ్చం మనలాగే, ‘కలిగియున్నాను’ అనే బాధ లేకుండా.

జవాబు: బట్టల పేర్లు కూడా ఎత్తండి. అహరోనుకు పాగా, కొడుకులకు కుళ్లాయిలు, లోపల నారలాగులు. శ్రీనాథుడు చాటువులో ‘కుల్లాయుంచితి’ అని వాపోయిన ఆ కుల్లాయే! యాజకుడు నిలువుటంగీ మీద వేసుకునే ఏఫోదుకే పాపం తెలుగు దొరకలేదు.

నేను: దొరక్కపోవడమే నయం. ఏ ‘కోటు’ అనో వేసుంటే ఈపాటికి ఇంకో చర్చ నడిచేది.

జవాబు: యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూదులో, షబ్బాత్ భాగంలో ఈ రేకు ప్రస్తావన ఉంది. రెండు వేళ్ల వెడల్పు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా. దేవుని పేరు పై వరసలో, ‘కోదెష్ ల’ కింది వరసలో ఉండేదని పండితుల మాట. రబ్బీ (యూదు బోధకుడు) యోసె కొడుకు రబ్బీ ఎలీయెజెరు మాత్రం, నేను రోములో చూశాను, ఒకే వరసలో ఉంది అన్నాడట.

నేను: ఇది నాకు తెలియదండీ, బాగుంది! రెండు వరసలే నిజమైతే ‘కు’ కింద విడిగా వేలాడుతుంది. అన్నట్టు, గిన్నె ఉపమానం నా సొంతమని మురిసిపోయాను. జెకర్యాలో తర్వాతి వచనం చూడండి, యెరూషలేములోనూ యూదాలోనూ ఉన్న పాత్రలన్నీ యెహోవాకు ప్రతిష్టితాలట. అక్కడా ‘కు’ ఉంది.