బ్లీచ్‌తో అడిపిక్ ఆమ్లం వస్తుందా?

గాజుకుప్పె: డిగ్రీ ప్రాక్టికల్స్‌లో సైక్లోహెక్సనాల్‌ను నైట్రిక్ ఆమ్లంతో అడిపిక్ ఆమ్లంగా (నైలాన్ తయారీలో వాడేది) మారుస్తాం. ల్యాబంతా గోధుమరంగు పొగ. దాని బదులు ఇళ్లలో వాడే బ్లీచ్ చాలదా? నేను చేశాను, తెల్లటి పొడి వచ్చింది.

మూడోబెంచి: రాదు. అసిటిక్ ఆమ్లంలో బ్లీచ్ పోస్తే సైక్లోహెక్సనోన్ అనే వలయ కీటోన్ దగ్గరే ఆగుతుంది, వలయం తెగదు. పొడి ద్రవీభవన స్థానం ఎంత? అడిపిక్ అయితే 152 డిగ్రీల దగ్గర కరగాలి.

గాజుకుప్పె: మిథైల్ కీటోన్లను ఇదే బ్లీచ్ తెంచుతుంది. హాలోఫాం చర్య మర్చిపోయారా సార్?

మూడోబెంచి: లేదు. అక్కడ ఒకే కార్బన్ మీద మూడు క్లోరిన్లు చేరతాయి కాబట్టి అది ఊడిపోతుంది. వలయంలో కార్బొనైల్‌కు (C=O) అటూ ఇటూ ఉన్న కార్బన్లకు రెండేసి హైడ్రోజన్లే. పైగా ఒక క్లోరిన్ చేరాక క్షారం తగిలితే ఫావోర్‌స్కీ చర్య జరిగి ఆరు కార్బన్ల వలయం ఐదుకు కుంచించుకుపోవచ్చు. అప్పుడు వచ్చేదీ ఆమ్లమే, అడిపిక్ మాత్రం కాదు. ద్రవీభవన స్థానం చెప్పండి.

నీలిలిట్మస్: జపాన్ రసాయన శాస్త్రవేత్త నొయోరి బృందం 1998లో సైక్లోహెక్సీన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, టంగ్‌స్టేట్ ఉత్ప్రేరకంతో అడిపిక్ చేసింది. బ్లీచ్ ఎందుకసలు?

గాజుకుప్పె: టంగ్‌స్టేట్ మా స్టోర్‌లో ఉండదు. బ్లీచ్ కిరాణా కొట్లో దొరుకుతుంది.

మూడోబెంచి: లెక్క చూడండి. 10 గ్రాముల సైక్లోహెక్సనాల్ అంటే 0.1 మోల్. అడిపిక్ దాకా వెళ్లాలంటే 0.4 మోల్ హైపోక్లోరైట్ (బ్లీచ్‌లో పనిచేసే పదార్థం), అంటే 5 శాతం బ్లీచ్ సుమారు 600 మి.లీ. పాత సీసా అయితే ఇంకా ఎక్కువ. గది వేడిమిలో 100 మి.లీ. నీళ్లలో 2 గ్రాముల దాకా అడిపిక్ కరిగిపోతుంది. అన్ని నీళ్లలోంచి పొడి ఎలా తీశారు?

గాజుకుప్పె: ఇగరబెట్టాను.

మూడోబెంచి: అయితే అది ఉప్పు! బ్లీచ్ ఖర్చయ్యాక మిగిలేది సోడియం క్లోరైడే.

కొత్తసభ్యుడు: ఇగరబెట్టకుండా, ఆమ్లం పోసి అడిపిక్‌ను అవక్షేపంగా దింపొచ్చుగా?

మూడోబెంచి: మిగిలిన బ్లీచ్‌లో ఆమ్లం పడితే క్లోరిన్ వస్తుంది. ముందు బైసల్ఫైట్‌తో బ్లీచ్‌ను చంపాలి. పొగ వద్దని వచ్చి క్లోరిన్ పీలుస్తారా?

గాజుకుప్పె: పొగ గురించి మీరు చెప్పకండి. మా ల్యాబ్‌లో పొగను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఫ్యాను మూడేళ్లుగా తిరగట్లేదు. నైట్రిక్ ప్రాక్టికల్ అయ్యాక మా అటెండరన్న రెండు రోజులు దగ్గుతూనే ఉన్నాడు. మీకు ద్రవీభవన స్థానం గొడవ!

మూడోబెంచి: ఈ మాట మొదటే అనుంటే అయిపోయేది. అయితే ప్రాక్టికల్ తీసేయమని అడగండి. మా రోజుల్లో రాని ఆమ్లానికి 80 శాతం దిగుబడి అని రికార్డులో రాయించారు. మళ్లీ అదే జరగడం నాకు ఇష్టం లేదు.

గాజుకుప్పె: తీసేస్తే మార్కులు మీరిస్తారా?

నీలిలిట్మస్: తమ్ముడూ, ఆ పొడిని చెంచా మీద వేడి చేశావా?

గాజుకుప్పె: ఇప్పుడే చేశాను. కరగలేదు, చిటపటలాడింది. హుడ్ సంగతి మాత్రం ఒక్కరూ మాట్లాడరు.