సమస్యాపూరణం: గాలి పోయినంత గలిగె సుఖము

నిర్వాహకుడు: మొన్న ఆదివారం బెంజి సర్కిల్ దగ్గర నా స్కూటర్ వెనక చక్రం చప్పబడింది. పటమట దాకా తోసుకుంటూ వెళ్ళాను. దారిలో పుట్టిన ఆటవెలది పాదం ఇది. గాలి పోతే సుఖమెలా కలుగుతుందన్నదే చిక్కు. ముందు మూడు పాదాలు రాసి విప్పండి, దీన్ని నాలుగో పాదంగా వాడండి:

*గాలి పోయినంత గలిగె సుఖము*

కొత్తవాళ్ళకోసం లెక్క: గురులఘువుల (నిడివి, పొట్టి అక్షరాల) గుంపే గణం. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి. ప్రాస నియమం లేదు.

కొత్త కలం: "కలిగె" కదా ఉండాలి? అచ్చుతప్పా?

నిర్వాహకుడు: తప్పు కాదమ్మా. "పోయినంతన్" ద్రుతాంతం, అంటే చివర న్ ఉన్న మాట. దాని మీద క వస్తే గ అవుతుంది.

గోదారి గట్టు: బోణీ నాది.

*చెట్టు నీడ నున్న చిరుదుకాణమువాడు*
*బేరమేది లేక బిక్కమొగము*
*వేసి యుండ నంత వీధిలో నొకబండి*
*గాలి పోయినంత గలిగె సుఖము*

నిర్వాహకుడు: నడక బాగుంది. మూడో పాదం "ఒకబండి"లో ఆగి, నాలుగో పాదంలోని "గాలి"ని అందుకోవడం చక్కటి విరుపు. అయితే మూడో పాదంలో "అంత", వెంటనే "పోయినంత" రావడం చెవికి తగులుతోంది. "వేసి కూరుచుండ వీధిలో నొకబండి" అంటే గణాలూ సరిపోతాయి, మనిషీ కనబడతాడు. ఇక భావం అంటారా, ఈ పాదం చూడగానే పదిమందిలో ఎనిమిదిమందికి తట్టేది పంచర్ షాపువాడి సంతోషమే. మీరు ముందొచ్చారు కాబట్టి మీకు దక్కింది.

గోదారి గట్టు: "కూరుచుండ" తీసుకున్నాను గురువుగారూ. మిగతా ఏడుగురికీ నా సానుభూతి.

కొత్త కలం: మావారి పాత చేతక్ మీద రాశాను. మొదటి పద్యం, మన్నించాలి.

*స్టెప్నీ మార్చబోవ చెమటలు పట్టెను*
*నట్టు ఒకటి విప్ప నడుము విరిగె*
*నాకె వచ్చు ననెడి నాథుని డంబపు*
*గాలి పోయినంత గలిగె సుఖము*

నిర్వాహకుడు: మన్నించడానికేముంది, ఇంతసేపూ నవ్వుతూనే ఉన్నాను. చేతక్‌కి రెండు చక్రాలూ ఒకే కొలత, పది అంగుళాల రిమ్ము. ఒక్క స్టెప్నీ ముందుకైనా వెనక్కైనా సరిపోయేది కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఒక "నాకె వచ్చు" నాథుడు తయారయ్యాడు. ఇప్పటి స్కూటర్లకు స్టెప్నీ లేకపోవడంతో ఆ వీరులందరూ నిరుద్యోగులయ్యారు.

దిద్దుబాట్లు మూడు. "స్టెప్నీ" రెండు గురువులు, సూర్యగణం కాదు. వాడుకలో అన్నట్టే "స్టెప్ని" అనండి, గురువు, లఘువు కలిసి హగణం వస్తుంది, అది సూర్యగణమే. "మార్చబోవన్" మీద చ వచ్చింది కనుక "జెమటలు". స్టె–జె యతికి ఢోకా లేదు, స–జ మైత్రి ఉంది. "నట్టు ఒకటి" దగ్గర విసంధి, అంటే సంధి చేయకుండా వదిలేశారు. ఉకారం మీద అచ్చు వస్తే సంధి తప్పదు. "నట్టు నొకటి" అంటే ద్వితీయ అవుతుంది, చిక్కు తీరుతుంది.

*స్టెప్ని మార్చబోవ జెమటలు పట్టెను*
*నట్టు నొకటి విప్ప నడుము విరిగె*

మిగతా రెండు పాదాల జోలికి ఎవరూ పోకండి.

కొత్త కలం: మావారికి చదివి వినిపించాను. "నట్టు తుప్పు పట్టింది, అది రాయలేదేం" అని అడిగారు.

బీచ్‌రోడ్డు: మా విశాఖవాళ్ళకు గాలి అంటే టైరు గాలి గుర్తుకు రాదు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను.

*వాన తోడ వచ్చి వనముల గూల్చిన*
*హుదుహుదనెడి పేర నురికినట్టి*
*నిలిపియున్న బండ్ల నేలపై బడవేయు*
*గాలి పోయినంత గలిగె సుఖము*

నిర్వాహకుడు: "హుదుహుద" అని రాయడంతో పేరంతా లఘువులై పరుగెత్తింది. హు–ఉ యతి సరైనదే. "గూల్చిన", "ఉరికినట్టి" అని జరిగిపోయిన కాలంలో చెబుతూ "పడవేయు" దగ్గర కాలం మారింది, అది చూసుకోండి. సమస్యలోని చిక్కును "గాలి" మాటకు వేరే అర్థం చెప్పి విడదీశారు. అవధానాల్లో ఇది చెల్లే ఎత్తుగడే. నాకు మాత్రం ఆ చక్రాన్ని వదలకుండా విప్పినవాళ్ళ మీద మక్కువ ఎక్కువ. ఇది నా పక్షపాతం.

నాన్నకూచి:

*ముందు నాన్న తోయ ముచ్చటాడుచు నేను*
*వెనుక నడచినాను వీధి వీధి*
*మాట లేని యింట మాటలు మొలకెత్తె*
*గాలి పోయినంత గలిగె సుఖము*

నిర్వాహకుడు: మూడో పాదం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఒక్కటే లోపం, నాన్న దేన్ని తోస్తున్నాడో పద్యంలో లేదు. "బండి నాన్న తోయ బడిముచ్చటలతోడ" అంటే బండీ వస్తుంది, యతీ కుదురుతుంది.

నాన్నకూచి: కుదురుతుంది సార్, కానీ మేం మాట్లాడుకున్నది బడి ముచ్చట్లు కాదు. ఇంటర్‌లో నేను తీసుకున్న గ్రూపు గురించి మూడు నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఆ రోజు తోసుకుంటూ వస్తూ ఆయనే మొదలుపెట్టారు. ఆ పాదం అలాగే ఉంచుతాను.

నిర్వాహకుడు: ఉంచమ్మా. నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను.

సొల్యూషన్ డబ్బా: నాది పంచర్ షాపే. చెట్టు కింద కాదు, రేకుల షెడ్డు. గోదారి గట్టుగారి పద్యం చదివి నవ్వొచ్చింది గానీ ఒప్పుకోను. ఎండలో బండి తోసుకొచ్చిన మనిషి మొహం చూస్తే సుఖం కలగదండీ, ముందు మంచినీళ్ళు ఇస్తాం. మాకు సుఖం కలిగేది వేరే చోట.

*ట్యూబు నీట ముంచి యొత్తుచు వెదకితి*
*కనుల బడదు చిల్లి గడియ దాటె*
*బుడగ యొకటి లేచె బుసబుస మని పైకి*
*గాలి పోయినంత గలిగె సుఖము*

నిర్వాహకుడు: ఇదీ నేను ఎదురుచూసింది! గాలి పోతేనే కదా చిల్లి దొరికేది. పాదాన్ని వంచకుండా, అర్థం మార్చకుండా చిక్కు విడిపోయింది. ట్యూ–యొ యతిని ఎవరైనా అడుగుతారేమో, సంయుక్తాక్షరంలో యకారం ఉంది, చెల్లుతుంది. ఒక్క మాట: బుస పాముది, బుడగది బుడబుడ. "బుడబుడ మని పైకి" అనవచ్చు కదా?

సొల్యూషన్ డబ్బా: మేకు దిగిన పెద్ద చిల్లి అయితే బుస్సుమనే అంటుంది సార్, దానికి తొట్టి అక్కర్లేదు, చెవి చాలు. సన్న ముల్లు దిగిందే సతాయిస్తుంది. ముందు వాల్వు మూతి మీద కాస్త ఉమ్ము రాసి చూస్తాం, అక్కడే కారుతుంటే పిన్ను మారిస్తే సరి. లేదంటే ట్యూబు ఉబ్బేలా గాలి పట్టి, జానెడు జానెడు చొప్పున నీళ్ళలో వంచి, సాగదీస్తూ తిప్పాలి. అప్పుడు ఆవగింజంత బుడగ ఒకటి, కాసేపాగి ఇంకొకటి. వేలు తీయకుండా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. వాల్వు మొదట్లో చిరిగిందా, అతుకు నిలవదు, ట్యూబే మార్చాలి. మీరన్నది నిజమే, అది బుస కాదు. కానీ ఒక్క బుడగ బుడబుడమనదు కదా. ఇలా మారిస్తే?

*బుడగ వెంట బుడగ బుడబుడ మని పైకి*

నిర్వాహకుడు: నా దిద్దుబాటు కంటే మీదే బాగుంది. క్రియ తీసేశారు, దాంతో పాదం నేరుగా "పైకి గాలి పోయినంత"లోకి దూకింది.

బీచ్‌రోడ్డు: ట్యూబ్‌లెస్ వచ్చాక ఈ తొట్టీ బుడగలూ పిల్లలకు తెలుస్తాయంటారా?

సొల్యూషన్ డబ్బా: ట్యూబ్‌లెస్‌కీ సబ్బునీళ్ళు పోస్తాం, నురగ ఎక్కడ పొంగితే అక్కడే చిల్లి. రబ్బరు తాడు ఎక్కించి కొస కత్తిరిస్తే పని అయిపోతుంది. టైరు పక్కగోడ కోసుకుపోతే మాత్రం తాళ్ళు కట్టించుకోకండి, టైరు మార్చండి. ఇంకొకటి, ట్యూబు అతికించాక టైరు లోపల చెయ్యి పెట్టి తడమండి. మేకు అక్కడే ఉంటే రేపు మళ్ళీ వస్తారు.

గోదారి గట్టు: అదే కదా నా పద్యం!

సొల్యూషన్ డబ్బా: 😀 ఎవరో తోసుకొస్తున్నారు, మళ్ళీ కలుస్తా.