ఆసనం మళ్లీ జారితే తప్పు ఆపరేషన్‌దా, మనిషిదా?

కందుకూరు కుర్రోడు:
మా అమ్మకి డెబ్బై దాటాయి. రెండేళ్ల కింద ఆసనం జారితే, అంటే పేగు చివరనుండే పురీషనాళం మలద్వారంలోంచి బయటికొస్తే, ఒంగోలులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కింద నుంచే ఆపరేషన్ చేశారు. కాగితంలో డెలార్మ్ అని రాసుంది. ఈ సంక్రాంతి దాటాక మళ్లీ బయటికొస్తోంది. అడిగితే, ‘ముక్కడం మానలేదు, బరువులెత్తింది, మేమేం చేస్తాం’ అన్నారు. చెన్నైలో చూపిస్తే పొట్ట వైపు నుంచి మెష్, అంటే వల లాంటి ముక్క, పెట్టి చేద్దామంటున్నారు. తప్పెవరిదో చెప్పండి. మెష్ పెట్టించొచ్చా?

చీమకుర్తి బావ:
మొహమాటం లేకుండా చెప్తా తమ్ముడూ, మనిషిదే. మా మేనత్త కుట్లు ఆరకముందే గడ్డిమోపు నెత్తికెత్తుకుంది. అట్టయితే ఏ డాక్టరు చేసినా నిలవదు.

పొదిలి టీచరమ్మ:
ఆమె ఎత్తకపోతే గేదెలకి గడ్డి మీరేసేవాళ్లా బావగారూ? పొగాకు గ్రేడింగుకి పోయే ఆడవాళ్లని చూడండి. దొడ్డికి పోను చోటుండదని పొద్దుటి నుంచి మంచినీళ్లే తాగరు. ఆ దుమ్ముకి దగ్గు. రక్తం తక్కువని ఐరన్ బిళ్లలిస్తారు, వాటితో విరేచనం ఇంకా గట్టిపడుద్ది. ఆపరేషనయ్యాక నొప్పికి ట్రమడాల్ ఇచ్చి పంపుతారు, అదీ గట్టిచేసేదే. దాంతోపాటు విరేచనం మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్పు రాయకుండా ‘ముక్కొద్దమ్మా’ అంటే ఎట్టా ఆగుద్ది?

చీమకుర్తి బావ:
ఇసబ్గోలు కిరాణా కొట్లో కూడా దొరుకుద్ది టీచరమ్మా.

పొదిలి టీచరమ్మ:
దొరుకుద్ది. నీళ్లు సరిగా తాగకుండా మింగితే అదే లోపల గడ్డకట్టి అడ్డంపడుద్ది. ఆ సంగతి కొట్టాయన చెప్పడుగా.

పెన్నా గట్టు:
మెష్ మాత్రం వద్దబ్బయ్యా. అమెరికాలో 2019లోనే ఆపేశారు.

కావలి ఓటీ సిస్టర్:
సగం చదివి భయపెట్టొద్దండీ. అక్కడ 2019లో అమ్మకం ఆపించింది గర్భసంచి, మూత్రాశయం జారినవాళ్లకి యోని దారిలో పెట్టే మెష్‌ని. ఇది వేరు. పొట్టలోంచి పోయి, పురీషనాళం ముందు గోడకి మెష్ కుట్టి, దాన్ని వెన్ను కింది ఎముకకి బిగిస్తారు. బెల్జియం సర్జన్లు 2004లో ఈ పద్ధతి రాశారు. వెనకా పక్కలా విడదీయరు కాబట్టి నరాలు దెబ్బతినడం, మలబద్ధకం కొత్తగా పట్టుకోవడం తక్కువ. అట్టని ప్రమాదమే లేదని కాదు. కొద్దిమందికి మెష్ లోపలి గోడని ఒరుసుకుని బయటపడుద్ది. అప్పుడు దాన్ని తీయడం చాలా కష్టం.

సర్జరీ పీజీ, నెల్లూరు:
బ్రిటన్ వాళ్లు చేసిన ప్రాస్పర్ అనే అధ్యయనం 2013లో అచ్చయింది. డెలార్మ్ చేయించుకున్నవాళ్లలో 31 శాతం మందికి, కింద నుంచే పేగు ముక్క తీసే ఆల్టెమెయర్‌లో 24 శాతం మందికి మళ్లీ జారింది. పొట్ట నుంచి పురీషనాళాన్ని పైకి లాగి ఉత్త కుట్లతో కట్టినవాళ్లలో 26, కట్టి పేగు ముక్క కూడా తీసినవాళ్లలో 13. నూటికి ముప్ఫై మందికి తిరగబెట్టే ఆపరేషన్ చేసి, తిరగబెట్టగానే ‘నువ్వు ముక్కావు’ అనడం నాకు నచ్చదు. ఆ లెక్క కత్తి పట్టకముందే చెప్పాలి.

పెన్నా గట్టు:
26కీ 31కీ తేడా ఏముంది డాక్టరు గారూ? ఇంక పొట్ట కోయించుకోవడం దేనికి?

సర్జరీ పీజీ, నెల్లూరు:
అడగాల్సిందే. అందులో పొట్ట నుంచా, కింద నుంచా అని నేరుగా పోల్చింది యాభై మంది లోపే. అంత కొద్దిమందిలో తేడా ఉన్నా బయటపడదు. మెష్ పద్ధతి అందులో లేనే లేదు. మిగతా అనుభవమంతా కలిపి చూస్తే పొట్ట నుంచి చేసినవాళ్లకి తిరగబెట్టడం తక్కువ, అందుకే ఒళ్లు తట్టుకుంటే అటే మొగ్గుతాం. గుండె, ఊపిరితిత్తులు బాగాలేని పెద్దవాళ్లకి వెన్నులో మత్తిచ్చి కింద నుంచి చేయడం తప్పేం కాదు. ఇంకో చిక్కుంది. పొట్ట ఆపరేషన్లో పురీషనాళం పక్కనున్న బంధనాలు కోసేస్తే మళ్లీ జారడం తగ్గుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. ఏది కావాలో సర్జన్ ఒక్కడే తేల్చుకోకూడదు.
కందుకూరు అన్నా, అమ్మకి దగ్గుందా? తెలియకుండా విరేచనం పడుతోందా? గర్భసంచి కూడా జారిందేమో చూశారా? పెద్దపేగులో గడ్డ లేదని కెమెరా పెట్టి చూశారా?

కందుకూరు కుర్రోడు:
దగ్గు ఏళ్ల నుంచీ ఉంది, పొగాకు బారన్ల దగ్గర చేసిన మనిషి. ఆపరేషన్‌కి ముందు ఎవరూ అడగలా. బట్టలు పాడవుతున్నాయని మొన్న మా ఆవిడతో చెప్పిందంట, నాతో అనదుగా. కెమెరా పెట్టలేదు. గర్భసంచి సంగతి మాకు తెలీదు.

చీమకుర్తి బావ:
దగ్గు మాట నిజమేలే. మా క్వారీల్లో రాతిదుమ్ము తిన్నవాళ్లు దగ్గితే ఇల్లు అదురుద్ది. మోపు విషయంలో మాత్రం నేను తగ్గను.

పొదిలి టీచరమ్మ:
తగ్గొద్దు, మోయండి.

కావలి ఓటీ సిస్టర్:
తమ్ముడూ, ముందు ఛాతీ డాక్టరుకి చూపించి దగ్గు అదుపులోకి తెచ్చుకోండి, తర్వాత చెన్నై. మెష్ ఏ రకం, వాళ్లు చేసినవాటిలో ఎంతమందికి తిరగబెట్టిందని అడగండి, మొహమాటపడొద్దు. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద పీట వేయండి. ఈలోగా బయటికొచ్చింది వాచి లోపలికి పోకపోతే దానిమీద పంచదార చల్లితే వాపు లాగుద్ది. ఆస్పత్రుల్లో కూడా చేసేదే. అయినా పోకపోయినా, నల్లబడినా, నొప్పి ఎక్కువైనా తెల్లారేదాకా చూడొద్దు, రాత్రికి రాత్రే తీసుకుపోండి.