అప్‌డేట్: ఏఓడీవీ సిమ్యులేషన్‌లో స్పీడ్ పెంచినా రిజల్ట్ మారట్లేదని అడిగింది నేనే

లేట్ అయింది, సారీ. ఏఓడీవీ అంటే కదిలే వైర్‌లెస్ డివైస్‌లు (నోడ్స్) ఒకదాని ద్వారా ఒకటి డేటా పంపుకోవడానికి దారి వెతికే రూటింగ్ ప్రోటోకాల్. నా ప్రాబ్లం ఏంటంటే ఎన్ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌లో 50 నోడ్స్ పెట్టి, అవి కదిలే స్పీడ్ ఎంత పెంచినా ప్యాకెట్ డెలివరీ రేషియో (పంపిన ప్యాకెట్లలో చేరినవాటి వాటా) దాదాపు అలాగే ఉండేది, పైగా పది రన్స్ వేస్తే పదీ అచ్చు ఒకే నంబర్. మీలో ఒకరు చెప్పిందే నిజం, రెండూ నా తప్పులే. రన్ నంబర్ మార్చకపోతే ఎన్ఎస్-3 ప్రతిసారీ అవే ర్యాండమ్ నంబర్లు వాడుతుంది, అంటే నేను ఒకే ఎక్స్‌పెరిమెంట్‌ని పదిసార్లు చూసి మురిసిపోయా అన్నమాట. రెండోది, ర్యాండమ్ వేపాయింట్‌లో (ప్రతి నోడ్ ఏదో ఒక చోటు, ఏదో ఒక స్పీడ్ ఎంచుకుని కదిలే మోడల్) మినిమమ్ స్పీడ్ సున్నాకి దగ్గరగా పెట్టా, దాంతో టైమ్ గడిచేకొద్దీ కొన్ని నోడ్స్ నత్తల్లా పాకుతూ అక్కడే ఇరుక్కుపోయి యావరేజ్ స్పీడ్ పడిపోతుంది. మినిమమ్ 1 మీ./సె. చేసి, మొదటి కొన్ని వందల సెకన్లు లెక్కలోంచి తీసేశాక గ్రాఫ్ దారికొచ్చింది.

గైడ్ సార్ "రియల్‌గా కూడా చూపించు" అన్నారని ఆదివారం పొద్దున్నే నెక్లెస్ రోడ్‌లో మూడు రాస్ప్‌బెర్రీ పైలు (చిన్న కంప్యూటర్లు), పవర్ బ్యాంకులతో కూర్చున్నాం. వాకింగ్‌కొచ్చిన ఒకాయన ఆగి "ఏంది తమ్మీ, రోడ్డు సర్వేనా?" అని అడిగిండు. మధ్యలో ఒక హాప్ (డేటా అందుకుని ముందుకు పంపే నోడ్) పెట్టగానే త్రూపుట్ (డేటా చేరే స్పీడ్) సగానికి సగం పడింది, అదేం బగ్ కాదు, ఒకటే ఛానల్ కదా, మధ్యలోదానికి ఒకేసారి తీసుకోవడం, పంపడం కుదరదు. ఓఎల్ఎస్ఆర్ అనే ఇంకో రూటింగ్ ప్రోటోకాల్‌తో పోలిక ఇంకా మిగిలుంది, వచ్చే వారం చూడాలి.